1960ల బ్రిటిష్ ఎలక్ట్రిక్ గిటార్లు, యాంప్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

వాక్స్, మార్షల్, బర్న్స్, సెల్మర్ లాంటి బ్రిటిష్ కంపెనీల పాత గిటార్లు, యాంప్‌ల (గిటార్ సౌండ్‌ని పెంచే పెట్టెలు) మీద మోజు పడ్డ మనవాళ్ళు హైదరాబాద్ నుంచి, లండన్ నుంచి, డాలస్ నుంచి అడిగేవన్నీ దాదాపు ఒకే డౌట్లు. ప్రతిసారీ వాట్సాప్‌లో వేళ్ళు నొప్పెట్టేలా టైప్ చేసే బదులు అన్నీ ఒకచోట రాసేశాను. వరసగా చదవక్కర్లేదు, మీ డౌట్ ఏదో చూస్కొని అది చదువుకోండి చాలు.

## అసలు ఇవేంటి, ఎక్కడివి

బీట్ మ్యూజిక్ కాలం అంటే ఏ సంవత్సరాలు?

గీత గీసి చెప్పలేం గానీ సింగర్ క్లిఫ్ రిచర్డ్ వెనక వాయించే షాడోస్ బ్యాండ్ ఊపందుకున్న 1959-60 నుంచి 1966-67 దాకా అనుకోండి. లివర్‌పూల్, మాంచెస్టర్, లండన్ కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు గిటార్లు, ఒక బేస్, ఒక డ్రమ్ సెట్ పెట్టుకుని క్లబ్బుల్లో అదరగొట్టిన టైమ్. ఆ తర్వాత గిటారిస్ట్ హెండ్రిక్స్, క్రీమ్ బ్యాండ్ వచ్చి వాల్యూమ్‌ని ఇంకో లెవెల్‌కి తీసుకెళ్ళారు, అది వేరే కథ.

బీటిల్స్ వాయించినవి బ్రిటిష్ గిటార్లే కదా?

కాదు, ఇక్కడే అందరూ బోల్తా పడతారు. జాన్ లెనన్ రికెన్‌బ్యాకర్ అమెరికాది, 1960లో హాంబర్గ్‌లో కొన్నాడు. పాల్ మెకార్ట్‌నీ వయొలిన్ షేపు హాఫ్నర్ బేస్ జర్మనీది, అదీ హాంబర్గ్‌లో కొన్నదే. జార్జ్ హారిసన్ దగ్గర మొదట్లో ఉన్న ఫ్యూచరామా చెకొస్లొవేకియాలో చేసింది, తర్వాత కొన్న గ్రెచ్ అమెరికాది. మరి బ్రిటిష్ ఏంటంటే వెనకాల ఉన్న యాంప్‌లు. 1962లో మేనేజర్ బ్రయాన్ ఎప్‌స్టైన్ వాక్స్ చేసే జెన్నింగ్స్ కంపెనీ వాళ్ళతో మాట్లాడి వాక్స్ యాంప్‌లు ఇప్పించాడు, అప్పట్నుంచి స్టేజి మీద వాక్స్ బోర్డు కనపడని బీటిల్స్ ఫోటో దొరకడం కష్టం. ఆ కాలం సౌండ్‌లో బ్రిటన్ వాటా ఎక్కువగా యాంప్‌లోనే ఉందని నేను అనేది ఇందుకే.

అమెరికా కంపెనీలు ఫెండర్, గిబ్సన్ ఉండగా వీళ్ళు సొంతంగా గిటార్లు ఎందుకు చేసుకున్నారు?

కొందామన్నా దొరకలేదు కాబట్టి. యుద్ధం తర్వాత డాలర్లు బయటికి పోకూడదని బ్రిటన్ ప్రభుత్వం 1951 నుంచి 1959 దాకా అమెరికా వాయిద్యాల దిగుమతి మీద ఆంక్షలు పెట్టింది. రాక్ అండ్ రోల్ వచ్చి కుర్రాళ్ళందరికీ గిటార్ పిచ్చి పట్టిన టైమ్‌కి షాపుల్లో ఫెండర్ అన్నదే లేదు. షాడోస్ గిటారిస్ట్ హ్యాంక్ మార్విన్ వాయించిన ఆ ఎర్ర ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌ని 1959లో క్లిఫ్ రిచర్డ్ నేరుగా అమెరికా నుంచి తెప్పించి ఇచ్చాడు. ఆ ఖాళీలోకి జర్మనీ హాఫ్నర్‌లు, చెక్ ఫ్యూచరామాలు వచ్చాయి, స్థానికంగా బర్న్స్, వాట్కిన్స్, వాక్స్ వాళ్ళు మొదలుపెట్టారు. ఆంక్షలు తీసేశాక కూడా అమెరికా సరుకు ధర మామూలు కుర్రాడికి అందేది కాదు, నెల నెలా వాయిదాల్లో కట్టుకుని లోకల్ గిటార్ కొనుక్కునేవాళ్ళు.

మార్షల్ యాంప్ అంటే ఫెండర్‌కి కాపీ అంట కదా?

సర్క్యూట్ వరకు అవును, ఎవరూ దాచలేదు కూడా. జిమ్ మార్షల్‌కి పశ్చిమ లండన్‌లోని హాన్‌వెల్‌లో డ్రమ్ముల షాపు ఉండేది, అక్కడికొచ్చే గిటార్ కుర్రాళ్ళు అమెరికా యాంప్ కావాలి కానీ కొనలేం అంటుంటే కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ కలిసి ఫెండర్ బేస్‌మ్యాన్ యాంప్‌ని చూసి 1962లో ఒకటి కట్టారు, అదే జేటీఎం45. కానీ ట్రాన్స్‌ఫార్మర్లు బ్రిటన్‌వి, మొదటి వాల్వ్ (పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టం) సిగ్నల్‌ని ఎక్కువ పెంచే ఈసీసీ83, త్వరలోనే పవర్ వాల్వ్‌లు కేటీ66కి మారాయి, పైగా వెనక మూసేసిన డబ్బాలో నాలుగు 12 అంగుళాల సెలెషన్ స్పీకర్లు. ఒక్కో మార్పూ చిన్నదే, అన్నీ కలిసేసరికి వినపడేది ఫెండర్ కాదు.

ఈ గొడవలో ఇండియాకి ఏమన్నా సంబంధం ఉందా?

మనుషుల లెక్కలో ఉంది. క్లిఫ్ రిచర్డ్ 1940లో లక్నోలో పుట్టాడు. బీటిల్స్‌లో రింగో కంటే ముందున్న డ్రమ్మర్ పీట్ బెస్ట్ 1941లో మద్రాసులో పుట్టాడు, అప్పటికి మన కోస్తా, రాయలసీమ కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి కాబట్టి కాస్త లాక్కుంటే మనకీ చుట్టరికం కలుస్తుంది. సామాను లెక్కలో అయితే బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) ఒకప్పుడు ఈఎల్84, ఈసీసీ83 వాల్వ్‌లు చేసేది, పాత వాక్స్ యాంప్‌లో అవి చక్కగా పనిచేస్తాయి.

## గిటార్ కొనే ముందు

బర్న్స్ గిటార్లు అంత బాగుంటే మరి ఫెండర్ అంత పేరు ఎందుకు రాలేదు?

జిమ్ బర్న్స్‌కి బుర్ర నిండా ఐడియాలే, వ్యాపారం మాత్రం అంతంతే. 1959లో హెన్రీ వైల్‌తో కలిసి మొదలుపెట్టి 1960లో సొంతంగా ఎసెక్స్‌లో ఓర్మ్‌స్టన్ బర్న్స్ కంపెనీ పెట్టాడు. ఒక్కసారి బైసన్ గిటార్ చూడండి, రెండు కొమ్ములు లోపలికి వంకర తిరిగి ఎద్దు తలలా ఉంటుంది. జాజ్ స్ప్లిట్ సౌండ్ మోడల్‌లో సెలెక్టర్ మీద వైల్డ్ డాగ్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, పికప్‌లని (తీగల కింద సౌండ్ పట్టే అయస్కాంత చుట్టలు) ఔట్ ఆఫ్ ఫేజ్‌లో, అంటే ఒకదానికొకటి ఎదురుగా కలిపితే వచ్చే ముక్కుతో అరిచినట్టుండే సన్న గొంతు. నెక్ సరిచేయడానికి గేర్ బాక్స్ అని సొంత పద్ధతి. 1964లో హ్యాంక్ మార్విన్‌తో కూర్చుని అతని పేరుతోనే మార్విన్ మోడల్ చేశాడు, షాడోస్ ఫెండర్లు పక్కన పెట్టి స్టేజి మీద అవే వాయించారు. ఇంతకంటే పబ్లిసిటీ ఏం కావాలి? కానీ ప్రతి మోడల్‌లో కొత్త పార్టులు, కొత్త వైరింగ్, చేయడానికి టైమ్ ఎక్కువ ఖర్చు ఎక్కువ, చివరికి డబ్బు దగ్గర చిక్కుకుని 1965లో అమెరికా పియానో కంపెనీ బాల్డ్విన్‌కి అమ్మేశారు. బాల్డ్విన్ వాళ్ళకి పియానోలు అమ్మడం తెలుసు, గిటార్లు అమ్మడం తెలీలేదు.

నా ఉద్దేశం అడిగితే బర్న్స్‌ని స్ట్రాటోకాస్టర్‌కి డూప్‌గా కొనొద్దు, నిరాశ పడతారు. అది దాని లెక్కలో అది వాయిస్తుంది.

గిటార్ బర్న్స్‌లాగే ఉంది కానీ బాల్డ్విన్ అని రాసుంది, నకిలీనా?

నకిలీ కాదు. 1965 తర్వాత అదే డిజైన్ల మీద బాల్డ్విన్ పేరు వేశారు, 1970 ప్రాంతానికి ఆపేశారు. మార్పు మొదట్లో చేసినవి దాదాపు ముందటి బర్న్స్‌లే. పేరు కోసం కాకుండా వాయించడం కోసం కొనేవాళ్ళకి బాల్డ్విన్ మంచి బేరం.

బర్న్స్ ట్రై-సోనిక్ పికప్‌లు అంటే క్వీన్ బ్యాండ్ బ్రయాన్ మే వాడేవేనా?

అవే. బ్రయాన్ మే వాళ్ళ నాన్నతో కలిసి ఇంట్లో చేసుకున్న రెడ్ స్పెషల్ గిటార్‌లో మూడు బర్న్స్ ట్రై-సోనిక్‌లు ఉన్నాయి. వీటికి మామూలు పికప్‌లాగా బాబిన్ (తీగ చుట్టే అచ్చు) ఉండదు, తీగ చుట్టని టేపుతో కట్టి క్రోమ్ డబ్బాలో పెడతారు. లోపల చుట్టలు వదులుగా ఉంటే గట్టి వాల్యూమ్‌లో కీచుమంటుంది, అందుకే బ్రయాన్ మే తనవాటిని ఆరల్డైట్‌తో గట్టిపరిచాడు. పాతవి అలా చేయమని మాత్రం నేను చెప్పను, ఒకసారి పోశాక రిపేరుకి తీయడం కుదరదు.

వాక్స్ ఫాంటమ్, టియర్‌డ్రాప్ గిటార్లు ఇంగ్లండ్‌లో చేసినవా ఇటలీలో చేసినవా?

రెండూ ఉన్నాయి. మొదటివి కెంట్‌లోని డార్ట్‌ఫర్డ్‌లో జెన్నింగ్స్ కంపెనీ చేసింది, డిమాండ్ పెరిగాక ఇటలీలోని ఏకో కంపెనీతో చేయించారు. రోలింగ్ స్టోన్స్ బ్రయాన్ జోన్స్ చేతిలో ఉండే తెల్ల టియర్‌డ్రాప్ ఇంగ్లండ్‌ది. అమ్మేవాళ్ళు దాని ఫోటో పక్కన పెట్టి ఇటలీది అదే రేటుకి అమ్మాలని చూస్తారు, నెక్ వెనక ప్లేటు మీద ఏం రాసుందో క్లోజప్ అడగండి. ఇటలీవి చెడ్డవేం కాదు, రేటు మాత్రం అది కాదు.

మొదటి గిటార్, బడ్జెట్ తక్కువ, ఏది తీసుకోవాలి?

వాట్కిన్స్ రేపియర్. పేరులో 22 అంటే రెండు పికప్‌లు, 33 అంటే మూడు, 44 అంటే నాలుగు. అప్పట్లో స్కూలు కుర్రాళ్ళ గిటార్, ఇప్పటికీ పాత బ్రిటిష్ వాటిల్లో చవక. ఫినిషింగ్ గొప్పగా ఉండదు, అయినా ఆ సన్నటి టంగుమనే సౌండ్ కరెక్ట్‌గా ఆ కాలానిదే. సెల్మర్ కంపెనీ బ్రిటన్‌లో అమ్మిన జర్మన్ హాఫ్నర్ క్లబ్ 40, క్లబ్ 60 ఇంకా హాయిగా ఉంటాయి కానీ జార్జ్, జాన్ ఒకప్పుడు వాయించారని వాటి ధర ఎక్కిపోయింది.

ఆన్‌లైన్‌లో ఫోటోలు చూసి కొనాలంటే ఏం చూస్కోవాలి?

నెక్‌ని పక్కనుంచి తీసిన ఫోటో అడగండి, నెక్ పైకి వంగిందో లేదో బాడీ దగ్గర తీగ ఎత్తు చూస్తే తెలిసిపోతుంది. ఇవి చాలావాటికి నట్ (నెక్ చివర తీగలు కూర్చునే గాడి) పక్కనే జీరో ఫ్రెట్ అనే లోహపు కడ్డీ ఉంటుంది, అది అరిగిపోతే మీటని తీగలు బర్‌ర్‌మంటాయి, మార్చడం చిన్న పనే. ఒక్కో పికప్ విడివిడిగా పనిచేస్తున్న వీడియో అడగండి. ట్రెమొలో చెయ్యి (తీగల్ని ఊపే కడ్డీ), నాబ్‌లు, బ్రిడ్జ్ మూత పోయి ఉంటే తేలిగ్గా తీస్కోవద్దు, బర్న్స్ నాబ్ ఒక్కటి వెతికి పట్టుకోవడానికి నెలలు పట్టొచ్చు. స్క్రాచ్‌ప్లేట్ సెల్యులాయిడ్ అయితే ముడుచుకుపోయి చీలుతుంది, దాని పక్కనున్న స్క్రూలు తుప్పు పట్టి ఉంటే ఆ రోగం మొదలైనట్టే.

## యాంప్ కొనే ముందు

ఉన్న డబ్బుకి గిటార్ ముందు కొనాలా యాంప్ ముందా?

యాంప్. మీ దగ్గరున్న మామూలు గిటార్‌ని పాత వాక్స్‌లో పెడితే ఎనభై శాతం ఆ సౌండ్ వచ్చేస్తుంది, అదే ఖరీదైన బర్న్స్‌ని ప్రాక్టీస్ యాంప్‌లో పెడితే ఏమీ రాదు. ఇంకోటి, యాంప్ రేటులో రిపేరు ఖర్చు కూడా కలిపి లెక్కేస్కోండి, అరవై ఏళ్ళ యాంప్ ఏదైనా టెక్నీషియన్ చేతిలో పడకుండా మీ ఇంట్లో మోగకూడదు.

వాక్స్ ఏసీ30లో అంత గొప్పేముంది?

టామ్ జెన్నింగ్స్ కంపెనీలో డిక్ డెన్నీ డిజైన్ చేసిన ఏసీ15 1958లో వచ్చింది, షాడోస్ అదే వాడారు. వాళ్ళ షోల్లో ఆడపిల్లల కేకలకి పదిహేను వాట్లు ఎవరికీ వినపడక డబల్ చేస్తే ఏసీ30 అయింది. నాలుగు ఈఎల్84 పవర్ వాల్వ్‌లు, ఒక జీజెడ్34 రెక్టిఫయర్, నీలం రంగు పూసిన రెండు సెలెషన్ ఆల్నికో స్పీకర్లు. అప్పటి చాలా యాంప్‌లలో ఔట్‌పుట్ నుంచి కొంచెం సిగ్నల్ వెనక్కి తిప్పి సౌండ్‌ని అదుపులో పెట్టేవాళ్ళు, దాన్నే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు, డెన్నీ ఇందులో దాన్ని వదిలేశాడు. దాంతో మెల్లగా మీటితే తేటగా, గట్టిగా మీటితే అంచు కొంచెం చిరిగినట్టు, చేతి బరువుని బట్టి యాంప్ మాట మారుస్తుంది. పైగా పవర్ వాల్వ్‌లని వాటి కెపాసిటీకి మించి తోలతాడు. అందుకే ఆ మెరుపు, అందుకే ఆ వేడి, అందుకే వాల్వ్‌లు త్వరగా అయిపోవడం కూడా.

ఇన్‌పుట్‌లు ఆరు ఎందుకంటే మూడు ఛానెళ్ళు, ఒక్కోదానికి రెండు. బ్యాండు మొత్తం ఒకే యాంప్‌లో గిటార్లు, మైకు గుచ్చేసే రోజులవి.

టాప్ బూస్ట్ అంటే ఏంటి, లేకపోతే నష్టమా?

మొదటి ఏసీ30లకి టోన్ కంట్రోల్ ఒక్కటే, దాన్ని కట్ అంటారు, అది ట్రెబుల్‌ని తగ్గించడమే గానీ పెంచదు. షైన్ చాలట్లేదని అందరూ అడిగితే ఒక ఎక్స్‌ట్రా వాల్వ్, ట్రెబుల్, బేస్ నాబ్‌లతో చిన్న సర్క్యూట్ చేసి మొదట్లో వెనక ప్యానెల్‌లో బిగించి ఇచ్చారు, తర్వాత ముందు ప్యానెల్‌లోకే తెచ్చేశారు. బీటిల్స్ తరహా మెరుపు కావాలంటే టాప్ బూస్ట్ కావాలి. లేనిది తేలికైన, గుండ్రటి సౌండ్, బ్లూస్ వాళ్ళకి అదే ఇష్టం. వెనక ప్యానెల్‌లో ఉంటే ఫ్యాక్టరీలో వేసిందో తర్వాత ఎవరో వేశారో సోల్డరింగ్ చూస్తే టెక్నీషియన్ చెప్తాడు.

ఒరిజినల్ జేటీఎం45 కొనొచ్చా?

లాటరీ తగిలితే. సరదాకి అనట్లేదు, తొలి మార్షల్‌లు ఇప్పుడు మ్యూజియం సరుకు, అందుకే నకిలీలు కూడా ఎక్కువ. పాత చాసిస్ (లోపలి లోహపు చట్రం) మీద కొత్త ట్రాన్స్‌ఫార్మర్లు, కొత్త డబ్బాకి పాత బట్ట, ఇలా ముక్కలు కలిపి కట్టినవి బోలెడు. ఫోటోలు చూసి కొనే వస్తువు కాదు ఇది. జేటీఎం సౌండ్ కావాలనుకుంటే ఆ సర్క్యూట్‌నే చేత్తో కట్టి అమ్మేవాళ్ళ దగ్గర తీస్కోండి.

సెల్మర్, వాట్కిన్స్ యాంప్‌లు ఎవరూ పట్టించుకోరెందుకు?

పట్టించుకోకపోవడం మన అదృష్టం. సెల్మర్‌ది లండన్ ఛేరింగ్ క్రాస్ రోడ్డులో పెద్ద షాపు, జోడియాక్ ట్విన్ 30కి మొసలి తోలు డిజైన్ కవరు, సౌండ్ మార్చడానికి రేడియోకి ఉన్నట్టు పుష్ బటన్లు, ట్రెమొలో (సౌండ్ పెరుగుతూ తగ్గుతూ ఊగే ఎఫెక్ట్) వేస్తే తాళానికి తగ్గట్టు రెప్పలాడించే ఆకుపచ్చ మ్యాజిక్ ఐ. పాత వాల్వ్ రేడియో ఇంట్లో పెరిగినవాళ్ళకి ఆ కన్ను బాగా తెలుసు. చార్లీ వాట్కిన్స్ డామినేటర్ ఇంకో అందం, ముందు భాగం వి షేపులో ఉండి రెండు స్పీకర్లు రెండు వైపులకి తిరిగి ఉంటాయి, దాదాపు పదిహేడు వాట్లు, రికార్డింగ్‌కి బంగారం. వాక్స్ రేటులో మూడో వంతుకే దొరికిన రోజులున్నాయి, ఇప్పుడు జనానికి తెలిసిపోతోంది.

మాది అపార్ట్‌మెంట్, ఏసీ30 వాయించొచ్చా?

కుదరదు. ముప్ఫై వాల్వ్ వాట్లు అంటే హాలు నింపే సౌండు, అది మంచిగా మోగాలంటే వాల్యూమ్ సగం పైన ఉండాలి, కింది ఫ్లోర్ వాళ్ళు రెండో పాటకే వచ్చేస్తారు. సెల్మర్ లిటిల్ జెయింట్ లాంటి ఐదు వాట్ల లోపు చిన్నవి చూడండి, అవి కూడా బెడ్‌రూమ్‌కి గట్టివే.

కింక్స్ బ్యాండ్ గిటార్ సౌండ్ కోసం స్పీకర్ కోయాలంట, నిజమేనా?

1964లో వాళ్ళ గిటారిస్ట్ డేవ్ డేవీస్ తన చిన్న ఎల్పికో యాంప్ స్పీకర్ కోన్‌ని బ్లేడుతో కోసి, దాన్ని ఏసీ30లోకి కలిపి ఆ చిరిగిన సౌండ్ తెప్పించిన మాట నిజం. కానీ అది చవక యాంప్ మీద కుర్రాడు చేసిన పని. ఒరిజినల్ సెలెషన్ మీద బ్లేడు పెట్టారని తెలిస్తే మీతో మాట్లాడను, అలాంటి చిరిగిన సౌండ్ ఇచ్చే ఫజ్ పెడల్ కొనుక్కోండి.

నీలం స్పీకర్లు ఉన్నాయంటున్నాడు, ఒరిజినలో కాదో ఎలా తెలుస్తుంది?

రంగు చూసి నమ్మొద్దు, ఏ స్పీకర్‌కైనా నీలం పూయొచ్చు. వెనక లేబుల్ మీద థేమ్స్ డిట్టన్ అడ్రస్ ఉండాలి, ఇప్స్‌విచ్ ఉంటే 1960ల చివరికో ఆ తర్వాతకో చెందింది. కోన్ మార్చారా అని ముందు నుంచి టార్చ్ వేసి చూడాలి, కొత్త కోన్ నల్లగా నిగనిగలాడుతుంది, పాతది మట్టి రంగులోకి తిరుగుతుంది. కోన్ మార్చినంత మాత్రాన మోగదని కాదు, రేటు తగ్గాలి అంతే.

ఇంత తలనొప్పి ఎందుకు, కొత్త రీఇష్యూ (పాత మోడల్‌ని ఇప్పుడు మళ్ళీ చేసింది) కొంటే సరిపోదా?

వారానికోసారి బయట వాయించేవాళ్ళకి రీఇష్యూనే కరెక్ట్. వారంటీ ఉంటుంది, ఎర్త్ సరిగ్గా ఉంటుంది, పోతే ఇంకోటి వస్తుంది. ఇంట్లో, స్టూడియోలో వాడుకుంటూ యాంప్‌ని కనిపెట్టుకుని ఉండే ఓపిక ఉన్నవాళ్ళే పాతదానికి వెళ్ళండి.

## ఇంటికొచ్చాక, ఆన్ చేసే ముందు

ప్లగ్ పెట్టి ఆన్ చేసి చూడొచ్చా?

వద్దు. లోపలి పెద్ద కెపాసిటర్లు ఏళ్ళ తరబడి వాడకపోతే ఎండిపోతాయి, ఒక్కసారిగా ఫుల్ వోల్టేజ్ తగిలితే షార్ట్ అయ్యి ట్రాన్స్‌ఫార్మర్‌ని కూడా తీసుకుపోతాయి, కెపాసిటర్ దొరుకుతుంది, 1962 నాటి ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ దొరుకుతుంది? మన ఎలక్ట్రీషియన్లు వాడే సీరీస్ బల్బు బోర్డు ఉంది చూశారా, మొదటిసారి దాని మీదే ఆన్ చేయించండి, ఎల్‌ఈడీ కాదు, పాత ఫిలమెంట్ బల్బు 60 వాట్లదో 100 వాట్లదో ఉండాలి. లోపల షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, యాంప్ బతుకుతుంది. స్పీకర్ కనెక్ట్ చేయకుండా వాల్వ్ యాంప్‌ని అస్సలు ఆన్ చేయకూడదు, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

ఇంకో మాట, ప్లగ్ పీకేసినా లోపల 300 వోల్టుల పైన నిలవుండొచ్చు. మూత తీసి వేలు పెట్టి చూడటం, ఫోన్ వెలుతురులో స్క్రూడ్రైవర్ తిప్పడం లాంటివి చేయకండి, వాల్వ్ యాంప్‌లు తెలిసినవాళ్ళకే ఇవ్వండి.

ఎర్త్ వైరు తీసేస్తే హమ్ (గుయ్‌మనే శబ్దం) పోతుందంటున్నారు, తీసెయ్యనా?

తీయొద్దు, ఎవరు చెప్పినా సరే. గిటార్ తీగలు యాంప్ చాసిస్‌కి కలిసి ఉంటాయి, ఎర్త్ లేని యాంప్‌లో లీకేజ్ వస్తే ఆ కరెంటు మీ వేళ్ళలోంచి వెళ్ళడానికి దారి వెతుక్కుంటుంది, రెండో చెయ్యి మైకు మీద పడిందా అయిపోయినట్టే. 1972లో స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బ్యాండ్ గిటారిస్ట్ లెస్ హార్వీ స్టేజి మీదే మైకు ముట్టుకుని కరెంటు షాక్‌తో చనిపోయాడు. హమ్ వస్తోందంటే కెపాసిటర్లో, వాల్వో, వైరింగో బాలేదని యాంప్ చెప్తోంది. పాత ఓనర్లు ఎర్త్ కోసేసి ఉండటం చాలా మామూలు, అందుకే వచ్చిన వెంటనే ప్లగ్ విప్పి చూడండి.

వైర్లు ఎరుపు, నలుపు, ఆకుపచ్చ ఉన్నాయి, ఏది ఏంటి?

1960ల చివరి దాకా బ్రిటన్‌లో ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్, మనకి అలవాటైన లెక్కే. తర్వాత వాళ్ళు గోధుమ, నీలం, ఆకుపచ్చ-పసుపు చారలకి మారారు. మధ్యలో ఎవరో వైరు మార్చి ఒకవైపు పాత రంగులు, ఇంకోవైపు కొత్త రంగులు కలిపి ఉంటారు, కాబట్టి రంగుని నమ్మకుండా మీటర్ పెట్టి చూడాలి. పాత వైరు రబ్బరు పెళుసెక్కి రాలుతుంటే మార్చేయండి, దానివల్ల యాంప్ విలువేం తగ్గదు.

బ్రిటన్ యాంప్ ఇండియాలో పనిచేస్తుందా? అమెరికాలో?

ఇండియాలో హాయిగా. వాళ్ళదీ మనదీ 50 హెర్ట్జ్, వాళ్ళ పాత 240 మన 230కి దగ్గరే. వోల్టేజ్ సెలెక్టర్ ఉన్న యాంప్ అయితే 245 మీద పెట్టి మొదలుపెట్టండి, మన దగ్గర రాత్రిళ్ళు వోల్టేజ్ ఎగిరితే వాల్వ్‌లకి దెబ్బ తగలదు. ఊళ్ళలో ఫ్లక్చుయేషన్ ఎక్కువైతే మంచి స్టెబిలైజర్ పెట్టుకోండి. అమెరికాలో ఉన్నవాళ్ళు సెలెక్టర్‌కి 115 ఉందో లేదో చూస్కోవాలి, లేకపోతే స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, ఏసీ30కి కనీసం 300 వీఏది తీస్కోండి. ఎక్కడైనా సరే సెలెక్టర్ ఇప్పుడు ఎక్కడుందో చూడకుండా ప్లగ్ పెట్టొద్దు.

మా చిన్న యాంప్‌లో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరే లేదు, ఎవరో తీసేశారా?

తీసేయలేదు, చవక కోసం అసలు పెట్టలేదు. 1950ల రేడియోల పద్ధతి అది, చాసిస్‌కే నేరుగా మెయిన్స్ తగులుతుంది. లోపలి వాల్వ్‌ల పేర్లు యూఎల్84, యూసీఎల్82 అంటూ యూతో మొదలైతే ఆ రకమే అని అనుమానించండి. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించకుండా దాంట్లో గిటార్ గుచ్చొద్దు, అంత ఓపిక లేకపోతే షోకేసులో పెట్టుకోండి.

## వాడుతున్నప్పుడు

వాల్వ్‌లు ఎక్కడ దొరుకుతాయి, ఏవి మంచివి?

ఈఎల్84, ఈసీసీ83, జీజెడ్34 కొత్తవి ఇప్పటికీ తయారవుతున్నాయి, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పాత ముల్లార్డ్‌లు బెస్టే కానీ వాడేసినవి కొత్త డబ్బాలో పెట్టి అమ్మేవాళ్ళు ఎక్కువ. ముల్లార్డ్ గాజు కింది భాగంలో చిన్న కోడ్ చెక్కి ఉంటుంది, బీ అక్షరంతో మొదలైతే బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీ, తర్వాతి అంకె సంవత్సరం చివరి అంకె, తర్వాతి అక్షరం నెల, ఆఖరుది వారం. బీఈఎల్ సరుకు పాత రేడియో రిపేరు షాపుల్లో అటక మీద ఇంకా ఉంటుంది, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో పెద్దవాళ్ళని అడగండి, టెస్ట్ చేయకుండా మాత్రం డబ్బు ఇవ్వొద్దు.

ఏసీ30 చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది, పాడైందా?

వేడెక్కడం దాని స్వభావం. వాల్వ్ లోపలి ప్లేటు ఎర్రగా కాలుతున్నట్టు కనపడితే మాత్రం వెంటనే ఆపేయాలి. గోడకి ఆనించి పెట్టొద్దు, పైన బట్ట కప్పొద్దు, మన ఎండాకాలంలో చిన్న ఫ్యాన్ వెనకనుంచి పెట్టినా తప్పులేదు. డబ్బా లోపల పైచెక్కకి బూడిదరంగు పీచు షీట్ అంటించి ఉంటే అది ఆస్బెస్టాస్ కావచ్చు, గీకొద్దు, ఊడపీకొద్దు.

వాట్కిన్స్ కాపీక్యాట్ ఎకో కొన్నా, సౌండ్ ఊగిపోతోంది, ఏం చేయాలి?

1958లో వచ్చిన టేప్ ఎకో అది, చిన్న టేప్ లూప్ తిరుగుతూ ఉంటుంది. ఊగుతోందంటే ముందు లూప్ కొత్తది వేయండి, ఇప్పటికీ దొరుకుతాయి. తర్వాత టేప్‌ని నొక్కే రబ్బరు చక్రం గట్టిపడిందేమో చూడండి. హెడ్‌ల మీద గోధుమ రంగు పొడి పేరుకుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తగా తుడవాలి. కొంచెం ఊగడం మాత్రం వదిలేయండి, అందరూ డబ్బిచ్చి కొనేది దానికోసమే.

తీగలు ఏ సైజు వేయాలి?

అప్పట్లో లావు తీగలు వేసేవాళ్ళు, ఈ గిటార్లు వాటికోసమే చేసినవి. 9 సైజు సన్నవి వేస్తే బ్రిడ్జ్ మీద నుంచి జారుతాయి, ట్రెమొలో వెనక్కి పడిపోతుంది, గిటారే బాలేదనుకుంటారు. 11 వేసి చూడండి.

## తెచ్చుకోవడం, దాచుకోవడం, అమ్మడం

లండన్ నుంచి ఇండియాకి గిటార్ తెచ్చుకుంటే రోజ్‌వుడ్ గొడవ ఉంటుందా?

2017లో రోజ్‌వుడ్ జాతులన్నీ అంతర్జాతీయ వాణిజ్య ఆంక్షల్లోకి వచ్చినప్పుడు పెద్ద గందరగోళమే అయింది, 2019 చివర్లో తయారైన వాయిద్యాలకి మినహాయింపు ఇచ్చారు. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కి మాత్రం ఆ మినహాయింపు లేదు, 1992 నుంచి అది గట్టి నిషేధంలో ఉంది, పాత గిటార్ ఫింగర్‌బోర్డ్ అదేనని తేలితే కాగితాలు లేకుండా సరిహద్దు దాటించొద్దు. కస్టమ్స్ డ్యూటీ, వాడిన సరుకు దిగుమతి రూల్స్ మారుతూ ఉంటాయి, పంపే ముందే కస్టమ్స్ ఏజెంట్‌ని అడగండి.

యాంప్‌ని పార్శిల్ చేస్తే పగలకుండా ఎలా?

వాల్వ్‌లన్నీ తీసి, ఏది ఎక్కడిదో రాసి, విడిగా బబుల్ రేపర్‌లో చుట్టి వేరే డబ్బాలో పెట్టండి. ఏసీ30 ముప్ఫై కిలోల పైనే, హ్యాండిల్ పట్టుకుని ఎత్తి పడేస్తారని ముందే అనుకుని డబ్బాకి డబ్బా వేయండి. మోసేవాళ్ళు స్పీకర్ బట్టలోకి వేళ్ళు దూర్చకుండా ముందు ప్లైవుడ్ ముక్క అడ్డం కట్టండి.

వైజాగ్‌లో ఉంటాం, సముద్రపు తేమకి పాడవుతాయా?

గిటార్ కేసులో సిలికా జెల్ సంచులు, క్రోమ్ మీద వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డ. యాంప్‌ని నెలకి రెండుసార్లయినా గంటసేపు ఆన్ చేసి వేడెక్కనివ్వండి, మూలన పెట్టేసిన యాంపే ముందు పాడవుతుంది.

రిపేరులో తీసేసిన పాత పార్టులు పారేయొచ్చా?

ఒక్క స్క్రూ కూడా పారేయొద్దు. ముల్లార్డ్ మస్టర్డ్ కెపాసిటర్లు, పాత ట్రాన్స్‌ఫార్మర్, కాలిపోయిన రెసిస్టర్ దాకా అన్నీ జిప్ కవర్లో వేసి, తీసిన తేదీ రాసి, పెట్టిన పార్టు బిల్లు కూడా అందులోనే పడేసి ఉంచండి. తర్వాత కొనేవాడు ముందు అడిగేది ఆ కవరే, టెక్నీషియన్‌కి అప్పగించేటప్పుడే పాతవి వెనక్కి కావాలని చెప్పండి, లేకపోతే సాయంత్రానికి ఊడ్చేస్తారు.